భువన, మాట వినని కాలిక్యులేటర్

సినిమాల్లో బాంబు మీద ఎర్ర అంకెలు వెనక్కి నడుస్తుంటాయి కదా, అలాంటివి చేయడం భువన పని. విలన్ వేలు పెట్టగానే వెలిగే తలుపు తాళం, సైంటిస్టు గదిలో గిర్రున తిరిగే దీపాలు, ఆస్పత్రి సీనులో ప్రాణం పోగానే తిన్నని గీతగా మారే మానిటరు, అన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. ఫిల్మ్‌నగర్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్లలో ఆమెను "కరెంటు భువన" అంటారు. ఉత్త భువన అంటే ఏ భువన అని అడిగేవాళ్లున్నారు గానీ, కరెంటు భువన అంటే అడిగేవాళ్లు లేరు.

అయితే ఆమె చేసినవాటిల్లో ఒక్కటీ నిజంగా పనిచేయదు. పనిచేయనక్కర్లేదు కూడా. ముందు నాలుగు లైట్లు మినుకుమంటే చాలు, వెనక ఏముందో ఎవరికి కావాలి?

భువనది తణుకు. తండ్రి రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని సోల్డరింగ్ నేర్చుకుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి హైదరాబాదు వచ్చి, ఇన్వర్టర్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేరింది. చేరిన ఏడాదికే దానికి తాళం పడింది. ఏం చేయాలో తోచకుండా ఉన్నప్పుడు, తల్లి తరఫు చుట్టం, ఆర్ట్ డైరెక్టరు సూర్యప్రకాశరావు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఒక టైం మెషిన్ చేయాలి, వస్తావా?" అన్నాడు. నవ్వుకుంటూ వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే ఉండిపోయింది. పెళ్లయి, వెంగళరావునగర్‌లో కాపురం పెట్టి, ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే రామకృష్ణకు భార్య అయినా, పొద్దున లేస్తే ఫిల్మ్‌నగరే.

కిందటేడు ఒక ముచ్చట జరిగింది. ముచ్చట అనకూడదేమో. ఆమె చేసిన బాంబు ఉన్న సినిమా ఓటీటీలోకి వచ్చింది. ఇంజనీరింగు చదివే కుర్రాళ్లెవరో ఆ సీను ఆపి ఆపి చూపిస్తూ ఒక వీడియో పెట్టారు. "ఈ వైరు ఎక్కడికి పోతోందిరా? మళ్లీ అదే వైరులోకి పోతోంది!" అని పడీ పడీ నవ్వారు. లక్షల మంది చూశారు. భువన కూడా చూసింది. వాళ్లన్నది అబద్ధమైతే కోపం వచ్చి పోయేది. నిజంగానే ఆ వైరు ఎక్కడికీ పోవడం లేదు. ఆ రోజు సెట్లో టైము లేదు, చేతిలో ఉన్న వైరు ముక్క అక్కడ గుచ్చేసింది. అప్పట్నుంచి ఏ పని ముట్టుకున్నా ఆ నవ్వే చెవిలో పడుతుండేది.

అలాంటి సమయంలో సృజన్ పిలిపించాడు. సృజన్‌కు అది మొదటి సినిమా. సిరిసిల్ల దగ్గర ఊరు, ముప్పయి దాటని వయసు, పెద్దగా మాట్లాడడు. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద ఆఫీసు. భువన వెళ్లేసరికి బల్ల మీద ఒక్కటే వస్తువు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చూడ్డానికి మామూలు కాలిక్యులేటరే గానీ రెండింతలు పెద్దది. బోలెడు మీటలు, పైన చిన్న బూడిదరంగు తెర. లెక్క ఇస్తే దాని గ్రాఫు గీసి చూపించే రకం.

కథ చెప్పాడు. లెక్కలంటే ప్రాణం పెట్టే ఒక పిల్ల. పోటీలో గెలిస్తే ఈ గ్రాఫ్ కాలిక్యులేటర్ బహుమతిగా ఇస్తారు. ఇంటర్ కోసం వేసిన హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. లెక్కల యంత్రమే కదా అని వార్డెన్ దీన్ని మాత్రం వదిలేస్తుంది. ఆ పిల్ల దీన్నే ఎలాగో ఇంటర్నెట్టుకు కలిపి, బయట ఉన్న అక్కతో మాట్లాడుతుంది.

"అక్కా, ఇది నిజంగ ఇంటర్నెట్‌కి ఎక్కాలె," అన్నాడు సృజన్.

"నిజంగా అంటే?"

"నిజంగనే. గీ మీటలు కొడితే అవతల ఫోన్ల పడాలె. అవతల కొడితే దీంట్ల రావాలె."

"తర్వాత కంప్యూటర్లో, సీజీలో పెట్టుకోవచ్చు కదండీ. ఇప్పుడు అందరూ చేసేది అదే కదా."

"అక్షరాలు సీజీల పెట్టొచ్చు. మొఖం ఎట్ల పెడ్తవక్కా?" అన్నాడు. "దిక్కులేక కూసున్న పిల్ల. ఆన్సర్ వస్తదో రాదో తెల్వది. వచ్చింది. ఏమొచ్చిందో ముందే తెలిస్తే ఆ మొఖంల యాక్టింగే కనవడ్తది. నాకు యాక్టింగ్ వద్దు. తెల్వని మాట సదివే మొఖం కావాలె."

భువన ఆ యంత్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఇన్నేళ్లలో 'నిజంగా పనిచేయాలి' అని ఆమెను అడిగిన మనిషి ఇతనొక్కడే. "చేస్తానండీ," అంది.

ఇబ్బంది ఏమిటంటే ఆ కాలిక్యులేటర్ నిర్మాత గారమ్మాయిది. జూబ్లీహిల్స్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతోంది. పరీక్షల్లో అది కావాలి. వాడుకోండి గానీ ఒక్క గీత పడకూడదు, ఒక్క స్క్రూ విప్పకూడదు అని ఆ అమ్మాయి చెప్పి పంపింది. అంటే లోపల చేయి పెట్టే వీల్లేదు. బయటి ప్రపంచానికి దానికున్న దారి ఒక్కటే. ఒక అంచున, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం కంటే సన్నటి రంధ్రం. ఒక కాలిక్యులేటర్‌లోంచి ఇంకోదానిలోకి లెక్కలు పంపుకోవడానికి పెట్టారు దాన్ని. ఇంటర్నెట్ అనే మాట వింటే ఏమిటని అడిగే యంత్రం అది.

ఆమె అనుకున్న ఉపాయం సులువైనదే. అగ్గిపెట్టె అంత వైఫై బోర్డులు దొరుకుతాయి. ఆ రంధ్రంలోంచి ఒక వైరు తీసి బోర్డుకు కలపాలి. కాలిక్యులేటర్ చెప్పింది బోర్డు విని ఇంటర్నెట్టులో వేస్తుంది, వచ్చిన జవాబు మళ్లీ దాని చెవిలో ఊదుతుంది. మధ్యలో ఒక దుబాసీ, అంతే. వారంలో అయిపోతుందనుకుంది.

కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లి బోర్డు తెచ్చింది. ఆ సన్నటి పిన్ను ఏ షాపులోనూ లేదు. అలాంటి పిన్నే ఉండే పాత సెల్‌ఫోన్ల ఇయర్‌ఫోన్లు కుప్పపోసి అమ్మేవాడి దగ్గర వెతికి పట్టుకుంది. ఇంటికొచ్చి, బట్టలు మడతపెట్టే బల్ల ఖాళీ చేసి, వైర్లు అతికి, కరెంటు పెట్టింది. సన్నగా పొగ లేచింది. బోర్డు మాడిపోయింది.

వాసనకు రామకృష్ణ లోపల్నుంచి వచ్చాడు. "ఏమైంది?"

"కాలిక్యులేటర్ ఐదు వోల్టులు పంపుతోంది. ఈ బోర్డు మూడుకు పైన తట్టుకోలేదు."

"నీకు తెలీదా ఆ సంగతి?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు పెట్టావ్?"

"మీరు కాసేపు ఊరుకుంటారా?" అంది భువన.

మళ్లీ కోఠీ. ఈసారి రెండు బోర్డులు, మధ్యలో వోల్టేజి తగ్గించే బుల్లి సర్క్యూటూ తెచ్చింది. ఈసారి పొగ రాలేదు. ఇంకేమీ కూడా రాలేదు. కాలిక్యులేటర్ తెర మీద "ఎర్రర్" అని పడేది, అంతే. ఎందుకో చెప్పదు, ఎక్కడో చెప్పదు. తప్పు చేసినవాణ్ణి చూసి మౌనంగా ముఖం తిప్పుకునే మేష్టారిలా ఉండేది దాని వరస.

ఇంటర్నెట్టులో వెతికింది. ఇలాంటి పిచ్చి పనులు చేసేవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. కానీ ఒకడు చేసింది ఇంకో మోడల్ మీద, ఇంకొకడు రాసిన ప్రోగ్రాం పాతబడి ఇప్పటి బోర్డు మీద ఎక్కదు. చివరికి ఒకచోట సరిగ్గా తనకు వచ్చిన కష్టమే ఎవరో రాసుకుని ఉన్నారు. అక్షరం తేడా లేదు. భువన గబగబా కిందికి జరిపింది. ఆ మనిషే కింద మళ్లీ రాశాడు: 'సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు.' అంతే. ఎలా తీరిందో రాయలేదు. ఆ మనిషి ఏ దేశంవాడో తెలియదు గానీ, తణుకులో నేర్చుకున్న తిట్లన్నీ ఆ సాయంత్రం అతని ఖాతాలో పడ్డాయి.

తప్పు వైరులో ఉంది. ఇయర్‌ఫోన్ వైరు లోపల పోగుల మీద రంగు పూత ఉంటుంది. పైకి అతుక్కున్నట్టే ఉండి లోపల అతుక్కోదు. పోగు పోగూ గీకి మళ్లీ అతికితే కాలిక్యులేటర్ నోరు తెరిచింది. అంకెలు వెళ్తున్నాయి. అక్షరాలు మాత్రం వెళ్లవు. అంకె ఇస్తే బుద్ధిగా తీసుకుంటుంది, అక్షరం ఇస్తే మొరాయిస్తుంది. సరే, నీతో నీ భాషలోనే మాట్లాడతానని, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె పెట్టి పంపి, అవతల మళ్లీ అక్షరాలుగా మార్చేలా రాసుకుంది. అదీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలే. ఆ తెరకు తెలుగెక్కడిది?

ఇక ఇంటర్నెట్టుకు కలపడమే మిగిలింది అనుకుంటే, అక్కడ ఇంకో పేచీ. ఏ సర్వరును పలకరించినా బోర్డు వెనక్కి తిరిగి వచ్చేస్తోంది. నాలుగు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది, పాపం దానికి ఇవాళ ఏ తారీఖో తెలియదు. కరెంటు పెట్టగానే 1970 జనవరి ఒకటి అనుకుంటోంది. అవతలి సర్వరు తన గుర్తింపు కార్డు చూపిస్తే, "నువ్వింకా పుట్టనే లేదు, నీకు కార్డేమిటి?" అని తలుపేసేస్తోంది. ముందు ఎవర్నో టైమెంతని అడిగి, ఆ తర్వాతే పనిలోకి దిగేలా ప్రోగ్రాం మార్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కాలిక్యులేటర్ మీద A నొక్కింది. బల్ల చివర ఉన్న ఆమె ఫోన్ టింగుమంది. తెర మీద A.

భువన పరుగెత్తుకెళ్లి టీవీ చూస్తున్న భర్తకు చూపించింది. ఆయన ఫోన్ చూశాడు, కాలిక్యులేటర్ చూశాడు, వైర్లు చూశాడు.

"ఫోన్లో అయితే ఒక్క నిమిషం పట్టదు కదా," అన్నాడు. నిజంగానే అర్థంకాక అడిగాడు, ఎగతాళి లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

వెళ్లి మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆ ధన్యవాదాలు చెప్పి పారిపోయినవాడి రాత కింద, వైరు ఎలా గీకాలో, వోల్టేజి ఎలా తగ్గించాలో, తారీఖు ఎలా చెప్పాలో మొత్తం వివరంగా రాసి పెట్టింది. తన వచ్చీరాని ఇంగ్లీషులోనే.

మర్నాడు సూర్యప్రకాశరావుకు చూపించబోతే కాలిక్యులేటర్ బిగుసుకుపోయింది. బ్యాటరీలు తీసి పెడితే గానీ కదల్లేదు.

"ఏమ్మా భువనా, ఆ కుర్రాడడిగాడని నువ్వు కూడానా?" అన్నాడాయన. "నలభై ఏళ్లుగా ప్యారిస్ ప్లాస్టరుతో తాజ్‌మహళ్లు కడుతున్నాను. లోపలికి వెళ్లి నమాజు చేస్తానని ఎవడూ రాలేదు. కనిపిస్తే చాలమ్మా."

"కనిపించడానికే అయితే నేనెందుకు బాబాయ్, ప్రింటు తీసి అతికించండి," అని విసురుగా అనేసి, తర్వాత నొచ్చుకుంది. ఆయన నొచ్చుకోలేదు. ఆయనకు ఆ వయసు దాటిపోయింది.

షూటింగ్ రోజు వచ్చింది. ఫిల్మ్‌నగర్ స్టూడియో ఫ్లోరులో హాస్టల్ గది సెట్టు వేశారు. ఇనుప మంచాలు, రంగు వెలిసిన గోడలు, తిరిగినప్పుడల్లా టకటకమనే పాత ఫ్యాను. పిల్ల దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంటుంది. దుప్పటి కింద వైరు, దిండు కింద బోర్డు, దాని పక్కన పవర్‌బ్యాంకు. అంతా అమర్చి, స్టూడియో వైఫైకి కలపబోయింది భువన.

స్టూడియో వైఫై అలా ఊరికే కలవదు. ముందు ఒక పేజీ తెరుచుకుంటుంది, అందులో పేరు, నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, అది కొడితే అప్పుడు నెట్టు. మనిషికది బాగానే ఉంటుంది. దిండు కింద ఉన్న బోర్డు ఏ పేజీ చూస్తుంది, ఏ ఓటీపీ కొడుతుంది?

ఆఫీసువాళ్లను అడిగితే, అది తీసేయాలంటే ఐటీ అతను రావాలన్నారు. ఐటీ అతను పదకొండుకు వస్తాడన్నారు. అప్పటికి తొమ్మిదైనా కాలేదు. సెట్లో మొదటి షాటే ఇది.

ప్రొడక్షన్ మేనేజరు వెంకటనర్సయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఏందమ్మా గిది, ఇంకా గాలేదా? కెమెరా నిలవడ్డది, లైట్లు నిలవడ్డయ్. జర జల్ది సూడు."

"మీ ఫోన్లో హాట్‌స్పాట్ ఇవ్వండి వెంకటనర్సయ్య గారూ, ఒక్క అరగంట." ఆమె ఫోన్‌ కథలో అవతలున్న అక్క ఫోన్‌గా ఉండాలి కాబట్టి అది వాడకూడదనుకుంది.

ఆయన ఇచ్చాడు. కొత్త ఫోను, ఖరీదైనది. బోర్డుకు ఆ హాట్‌స్పాట్ కనపడనే లేదు. సెట్లో అందరి ఫోన్లకూ కనపడుతోంది, దీనికి తప్ప. భువన ప్రోగ్రాం చూసింది, పాస్‌వర్డు చూసింది, వైరు చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ ఫోను వేగంగా ఉండే కొత్త రకం సిగ్నలిస్తోంది, ఈ చవక బోర్డుకు పాత రకం తప్ప వినపడదు అని తట్టేసరికి మేనేజరు ఫోను మోగింది. ఆయన దాన్ని చెవిన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయనతో పాటే హాట్‌స్పాటూ పోయింది.

"అక్కా, ఇక అయితదా?" అని సృజన్ మెల్లగా అడిగాడు. ఆ మెల్లగా అడగడమే ఆమెకు కష్టంగా తోచింది. అరిచినా బాగుండేది.

మంచం మీద ఆ పిల్ల వేషం వేస్తున్న పూజిత అలాగే కూర్చుని ఉంది. ఊరు హనుమకొండ. కృష్ణానగర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటుంది. మూడేళ్లు గుంపులో నిలబడే వేషాలు వేశాక దొరికిన మొదటి పెద్ద వేషం ఇది. 'ఇదిగో అయిపోతుంది, అదిగో అయిపోతుంది' అంటూ ఆమెను మంచం దిగనివ్వలేదు. పొద్దున ఎవరో తెచ్చిన ఇడ్లీ పళ్లెం, మీద ఇంకో పళ్లెం బోర్లించి, కిటికీ దగ్గర అలాగే ఉంది. తింటే మేకప్ చెడుతుందని మేకప్ మనిషి వద్దంది. భువన దిండు కింద చేయి పెట్టి వైర్లు కదిలిస్తుంటే, ఆ పిల్ల పొట్టలోంచి కుయ్‌మని చప్పుడు వినపడింది. ఇద్దరూ విననట్టు ఊరుకున్నారు.

చివరికి లైట్‌మన్ ఒకతని పాత ఫోను పనికొచ్చింది. అద్దం పగిలి, వెనక రబ్బరుబ్యాండు వేసిన ఫోను. బోర్డు దాన్ని చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు వెళ్లి అతుక్కుంది. దిండు కింద ఆకుపచ్చ దీపం వెలిగింది.

"వచ్చిందండీ!" అంది భువన.

సృజన్ ఆమెను మానిటరు దగ్గరికి పిలిచాడు. "అక్కా, ఆన్సర్ నువ్వే కొట్టు."

"నేనా? మీరు కొడతానన్నారు కదా?"

"నేను మొఖం సూడాలె. ఏం వస్తదో నాకు కూడ తెల్వద్దు. ఏదన్న కొట్టు, నాకు చెప్పకు."

కెమెరా తిరగడం మొదలైంది. సెట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. దుప్పటి కింద పూజిత ఒక్కో మీటా నొక్కింది. భువన ఫోన్లో అక్షరాలు పడ్డాయి. AKKA UNNAVA.

భువన చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఎలా పంపాలా అని తల పగలగొట్టుకుందే గానీ, ఏం పంపాలో ఒక్కసారీ ఆలోచించలేదు. అటు ఆ పిల్ల బూడిదరంగు తెర వైపే చూస్తోంది. పెదవి తడి చేసుకుంది. చూపు తలుపు వైపు వెళ్లి వచ్చింది. ఆలస్యమైతే లింకు తెగిపోతుంది. భువన ఇంకేమీ ఆలోచించలేదు. కిటికీ దగ్గరి పళ్లెం కంటపడింది. TINNAVA అని కొట్టింది.

పూజిత చదివింది. మళ్లీ చదివింది. ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూనే చేత్తో నోరు మూసుకుంది. ఆ చేతి వెనక ముఖం మెల్లమెల్లగా మారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది, ఆ యంత్రానికి ఏదో కనపడుతున్నట్టు.

"కట్," అన్నాడు సృజన్, చాలాసేపటికి.

అప్పుడు కెమెరా అసిస్టెంటు చేయి పైకెత్తాడు. "సార్, సారీ. ఆమె ముందుకు వంగింది కదా, ఫోకస్ జారింది. ఇంకోటి పోదామా?"

భువనకు ఆ కుర్రాణ్ణి ఏదైనా తీసుకుని కొట్టాలనిపించింది.

ఇంకోటి పోయారు. ఈసారి కాలిక్యులేటర్ మధ్యలో బిగుసుకుంది. బ్యాటరీలు తీసి పెట్టి మళ్లీ పోయారు. వచ్చింది. కానీ ఆ పిల్లకు ఇప్పుడు తెలిసిపోయింది, ఏదో ఒకటి వస్తుందని. భువన వేరే మాట కొట్టింది. పూజిత బాగానే చేసింది. మరీ బాగా చేసింది. "యాక్టింగ్ అయితుంది," అని గొణిగాడు సృజన్. ఆ తర్వాత ఇంకెన్నిసార్లు పోయినా ముందటిది రాలేదు.

ఇక తెర దగ్గరగా తీయాల్సిన షాటు. కెమెరామన్ లైటు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ బూడిద తెర మీద లైటు పడితే మెరుస్తుంది, పడకపోతే అక్షరం కనపడదు.

"ఇది థియేటర్లో తెర మీద ఎవరూ చదవలేరు సార్," అన్నాడాయన. "ఆకుపచ్చ కాగితం అతికించి తీసేద్దాం. అక్షరాలు సీజీలో పెట్టుకుందాం."

"మొదటి రోజే చెప్పాను కదండీ సీజీ అని," అంది భువన. ఎవరూ వినలేదు. వినాల్సిన అవసరమూ లేదు, అప్పటికే ఎవరో ఆకుపచ్చ కాగితం కత్తిరిస్తున్నారు. ఆమె దిండు కింద చేయి పెట్టి వైరు పీకేసింది. కిటికీ దగ్గర పూజిత గోడకు ఆనుకుని, చల్లారిన ఇడ్లీలు గబగబా తింటోంది.

సాయంత్రం నిర్మాత గారింటి డ్రైవరు వచ్చి కాలిక్యులేటర్ తీసుకెళ్లాడు. మర్నాడు అమ్మాయికి పరీక్ష. పరీక్ష గదిలోకి వెళ్లేముందు అందులో ఉన్నవన్నీ తుడిపేస్తారట.

రెండు నెలల తర్వాత భువన వేరే సినిమా పని మీద డబ్బింగ్ స్టూడియోకు వెళ్తే, మెట్ల మీద పూజిత ఎదురైంది. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, పొద్దుగాల సంది ఆ ఒక్క నవ్వే చెప్పిస్తున్నరు. వస్తలేదు," అంది. "ఎట్ల నవ్విన దొంగ నవ్వే అయితుంది. సౌండ్ ఇంజనీర్ సార్ ఇసుక్కుంటుండు."

"మరేం చేస్తారు?"

"ఆ రోజు సెట్ల రికార్డయిందే ఉంచుతరంట. వెనక ఫ్యాను సప్పుడు ఉన్నది, తీస్తే నవ్వు గూడ పోతదంట. ఉండనీ అన్నడు సృజన్ సార్." మళ్లీ తనే అడిగింది. "ఆ తిన్నవా అన్నది సారే కొట్టిండా?"

"కాదు. నేను."

పూజిత ఆమె వైపు చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో పైనుంచి పిలిచారు. "వస్తున్న సార్!" అంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

సినిమా విడుదలకు ముందు ఫిల్మ్‌నగర్‌లో పనిచేసినవాళ్లకు ఒక ప్రివ్యూ వేశారు. భువన రామకృష్ణను తీసుకుని వెళ్లింది. ఆ సీను వచ్చింది. కాలిక్యులేటర్ తెర దగ్గరగా కనిపించింది. దాని మీద నీలంగా మెరుస్తూ, ఒక్కో అక్షరం పువ్వులా విచ్చుకుంటూ వచ్చింది. అదీ తెలుగులో. "నేనున్నా చెల్లీ."

"ఆ యంత్రానికి తెలుగు రాదు బాబాయ్!" అంది భువన, పక్క సీట్లో ఉన్న సూర్యప్రకాశరావుతో.

"మెల్లగా అమ్మాయ్. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తున్నాను కదా."

తర్వాత పూజిత ముఖం వచ్చింది. మొదటిసారి తీసిందే. కాస్త మసకగానే ఉంది. 'నేనున్నా' అంటే ఎవరూ అలా నవ్వరు. అయినా ఆ నవ్వు, ఆ చేయి, దాని వెనక మారిన ఆ ముఖం, టకటకమనే ఫ్యాను చప్పుడుతో సహా హాలంతా పరుచుకుంది. ముందు వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. భువనకు ఆ ముఖం చూడాలని ఉంది, కానీ మాటిమాటికీ ఆ నీలం అక్షరాలే గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది.

చివర్లో పేర్లు వచ్చాయి. ఆర్ట్ అసిస్టెంట్ల వరసలో "భవన" అని పడింది.

బయటికి రాగానే సృజన్‌కు ఫోన్ చేసింది. అక్షరాల సంగతి అడిగింది, పేరు సంగతి అడిగింది.

"పేరు రేపే మార్పిస్తక్కా, తప్పు నాదే," అన్నాడు. "అక్షరాలు నా చేతుల లేవు. ఇంగ్లీష్‌ల ఉంటే ఊర్లల్ల సదవరు, తిన్నవా అంటే కామెడీ అయితదన్నరు. కొట్లాడిన. ఇనలే."

"ఆ అమ్మాయి నవ్వింది దేనికో ఎవరికీ తెలీదు కదండీ ఇప్పుడు?"

"తెల్వది," అన్నాడు సృజన్. "ఉంటనక్కా," అని పెట్టేశాడు.

ఇద్దరూ స్కూటరు దగ్గరికి నడిచారు. రామకృష్ణ తాళం తిప్పి, స్టార్టు చేయకుండా ఆగాడు.

"అక్కడొక సీనులో ఆ పిల్ల నిజంగానే నవ్వింది కదూ?" అన్నాడు. "మిగతా అంతా సినిమా లాగే ఉంది. అదొక్కటీ ఎవరో పక్కింటి పిల్లను దొంగచాటుగా చూసినట్టుంది."

భువన అతని వైపు చూసింది. ఈయనకు ఆ రోజు ఏం జరిగిందో తను చెప్పలేదు. చెప్పబోతే వోల్టులూ వైర్లూ అంటూ మొదలుపెడుతుందని ఆయన వినే మనిషి కాదు.

"అవునండీ," అంది వెనక ఎక్కుతూ. "కానీ ఆ అక్షరాలు తప్పు. పూర్తిగా తప్పు."

స్కూటరు ఫిల్మ్‌నగర్ ఏటవాలులో కిందికి దిగుతున్నంతసేపూ ఆమె దాని గురించే చెబుతూ ఉంది. ఈసారి రామకృష్ణ మధ్యలో అడ్డురాలేదు.